రెండు తాళ్లు, ఒక బరువు: కపిల బావి లెక్క

తెక్కలకోట ఉన్న బళ్లారి సీమ 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే. తుంగభద్ర కాలువలు రాకముందు ఇక్కడి తోటకు బావి దిక్కు, బావికి ఎడ్లతో నీళ్లు తోడే మోట, అంటే కపిల దిక్కు. వేలాడే బరువును తాళ్లు ఎలా పంచుకుంటాయో కపిల తోలిన రైతుకు చేతల్లో తెలుసునని నా వాదన. తోలు బాన మూతిని లావు మోకు, దాని తొండాన్ని సన్నతాడు పట్టుకుంటాయి. బావిలో రెండూ నిలువుగా ఉంటాయి కనుక వాటి బిగువుల మొత్తం బాన బరువుకు సమానం. మోకు పైగిలక మీద, సన్నతాడు గట్టు అంచున ఉన్న దొర్లుడు కర్ర మీద నడుస్తాయి. అందుకే బాన గట్టు దాటగానే తొండం తొట్టిలోకి వంగి నీళ్లు వాటంతటవే పారతాయి.

గిలక బరువును తగ్గించదు, దిశను మారుస్తుందంతే. భారం తగ్గించేది ఎడ్లు తాళ్లను లాగుతూ దిగే వాలుబాట. ఎడ్ల జత 600 కిలోలు, వాలు అయిదుకు ఒకటి అనుకుంటే, వాటి సొంత బరువే దాదాపు 120 కిలోల లాగుడు ఇస్తుంది. తిరిగి ఎక్కేటప్పుడు ఆ శ్రమ చెల్లించాల్సిందే కదా అనవచ్చు. నిజమే, కానీ అప్పుడు బాన ఖాళీ. ఒకేసారి పడాల్సిన భారం రెండు నడకలకూ సర్దుకుంటుంది. కాగితం మీద సూత్రం లేదు కాబట్టి ఇది శాస్త్రం కాదనేవారూ ఉంటారు. అయితే 20వ శతాబ్దం తొలినాళ్లలో మద్రాసులో ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ నీళ్లు తోడే ఆయిలింజన్లను ప్రోత్సహిస్తూ కూడా ఎడ్ల మోటను లెక్కగట్టి చూశాడు. లెక్కకు నిలిచే పనిముట్టును చేసినవారి తెలివికి చరిత్రలో చోటు దక్కాలి.