ఇంట్లో వైఫై రౌటర్: ప్రభుత్వాల హ్యాకింగ్ నుంచి ఎంత భద్రం?

బన్సీలాల్‌పేట్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా కరెంటు తీగల పక్కనే ఇంటర్నెట్ కేబుళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. ఆ కేబుల్ ఇంట్లోకి వచ్చి ఆగేది రౌటర్ దగ్గర. ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా అన్నీ దాని ద్వారానే బయటికి వెళ్తాయి. స్విచ్ అంటే ఆఫీసుల్లో, స్కూళ్లలో చాలా కంప్యూటర్లని కేబుళ్లతో కలిపే పెట్టె. సౌదీలో ఉన్న అబ్బాతో వీడియో కాల్, పిల్లల చదువు, దుకాణం యూపీఐ ఇవన్నీ ఆ డబ్బా మీదే నడుస్తున్నాయి. ఫోన్‌కి తాళం వేస్తాం కానీ, రౌటర్‌ని మాత్రం పెట్టించిన రోజు తర్వాత మళ్లీ పట్టించుకోం.

ప్రభుత్వాలు నిజంగా వీటిలోకి దూరతాయా? దూరాయి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ పత్రాలని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టాడు. విదేశాలకి వెళ్లే నెట్‌వర్క్ పరికరాల పార్సిళ్లని దారిలో ఆపి, లోపల నిఘా సాధనాలు పెట్టి, మళ్లీ ప్యాక్ చేసి పంపేవారని ఆ పత్రాల ద్వారా 2014లో తెలిసింది. సిస్కో పెట్టెని విప్పుతున్న ఫోటో కూడా అందులో ఉంది. ఆ కంపెనీ అధిపతి జాన్ చాంబర్స్ దీని మీద నేరుగా ఒబామాకి ఉత్తరం రాశారు.

2017 మార్చిలో వికీలీక్స్ సీఐఏ పత్రాలు పెట్టింది. వాటిని చూసి వెతుక్కుంటే తమ 318 మోడళ్లలో లోపం ఉందని సిస్కోకి తెలిసింది, ఎక్కువ భాగం స్విచ్‌లే. దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్‌నెట్ అనే పాత పద్ధతే ఆ దారి. అప్‌డేట్ వచ్చేదాకా దాన్ని ఆపేయమని కంపెనీ చెప్పింది. అదే ఏడాది జూన్‌లో ఇళ్లలో వాడే వైఫై రౌటర్ల కోసం సీఐఏ చేయించుకున్న చెర్రీ బ్లాసమ్ సంగతి బయటికొచ్చింది.

అమెరికా ఒక్కటే కాదు. 2018 మేలో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చేరింది. దాని వెనక రష్యా గ్రూపు ఉందని ఎఫ్‌బీఐ చెప్పింది. రౌటర్ ఆపి ఆన్ చేస్తే అందులో కొంత పోతుంది, మొదటి భాగం మాత్రం అలాగే ఉండిపోతుంది.

"మా ఇంట్లో ఏముందని చూస్తారు?" అని చాలామంది అంటారు. నన్నడిగితే అసలు సమస్య అది కాదు. 2024 జనవరిలో అమెరికా అధికారులు చైనా ప్రభుత్వ మద్దతున్న హ్యాకర్ల వల ఒకటి తెంచామని ప్రకటించారు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉన్న పాత సిస్కో, నెట్‌గేర్ రౌటర్లే వాళ్లకి ముసుగు. దాడి వాళ్లది, కనిపించే ఐపీ అడ్రసు ఎవరో అమాయకుడిది. మన పిల్లల పేరు మీద ఉన్న కనెక్షన్ అలా వాడబడితే పోలీసులు ముందు తట్టేది మన తలుపే. అది ఎంత దూరం పోతుందో ఈ పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట సూటిగా చెప్పుకోవాలి. సొంత ప్రభుత్వం చట్టం ప్రకారం నిఘా పెట్టాలనుకుంటే మీ రౌటర్‌ని హ్యాక్ చేయాల్సిన పని లేదు. ఐటీ చట్టం సెక్షన్ 69 కింద ఆదేశం ఇచ్చి ఇంటర్నెట్ కంపెనీ దగ్గరే తీసుకోవచ్చు. ఆ అధికారాన్ని ఎలా వాడతారన్నదే ప్రశ్న. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైంది. ఎస్ఐబీలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో ఆరోపణ. రౌటర్ ఎంత గట్టిదైనా ఇలాంటివాటిని ఆపలేదు. వాట్సాప్, సిగ్నల్ లాంటి వాటిలో మాటలకి వేసే తాళం ఫోన్ దగ్గరే పడుతుంది కాబట్టి, దారిలో ఉన్నవాడికి ఎవరితో, ఎప్పుడు లాంటి ఆనవాళ్లు దొరకొచ్చు కానీ మాట దొరకదు. ఫోన్‌లోకే దూరితే అది వేరే కథ.

ఇక చేయాల్సింది. రౌటర్ కింద స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి నంబరు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. చాలా ఇళ్లలో మొదటిది మారుస్తారు, రెండోది వదిలేస్తారు. రెండూ మార్చండి. రిమోట్ మేనేజ్‌మెంట్, డబ్ల్యూపీఎస్ ఆన్‌లో ఉంటే ఆపండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. డబ్బా ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిందైతే అప్‌డేట్ ఎవరు చేస్తారో వాళ్లనే అడగండి. అనుమానం వస్తే ఉత్త రీస్టార్ట్ చాలదు, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అయితే అది చేస్తే కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు, ముందే కేబుల్ అబ్బాయి దగ్గర రాయించుకోండి. లేకపోతే ఆ రోజు ఇంట్లో నెట్ ఉండదు, తిట్లు మీకే.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడల్ అయితే ఎంత బాగా నడుస్తున్నా మార్చేయడమే మంచిది. 2024 కేసులో దొరికిన రౌటర్లలో ఎక్కువ భాగం అలాంటివే. మసీదు, మద్రసా కమిటీలు కూడా సీసీ కెమెరాల డబ్బా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఒకసారి చూసుకోవాలి.