క్యూలు పెట్టించిందెవరు, తగ్గించిందేమిటి: ఉత్తరాంధ్ర విమాన ప్రయాణం

విమానాశ్రయాల్లో ప్రయాణికుడి సౌకర్యం ఎలా పెరిగిందో చెప్పే రాతలు దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. మొదట చిన్న షెడ్డు, తరువాత ప్రైవేటు పెట్టుబడి, అద్దాల టెర్మినల్, ఇప్పుడు ముఖం చూసి గేటు తీసే కెమెరా. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దగ్గరికి వచ్చేసరికి ఈ కథకు సొంతూరి గర్వం కూడా తోడవుతుంది. 2014 నుంచి 2018 వరకు కేంద్ర పౌర విమానయాన మంత్రి విజయనగరం పూసపాటి వంశీకుడు అశోక్ గజపతిరాజు. 2024 జూన్‌లో అదే శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడికి దక్కింది. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం కట్టిన జీఎంఆర్ సంస్థ వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. ఆ ఊరు 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఇవన్నీ నిజాలే. అయినా ఈ ప్రాంతం వారు విమానం ఎక్కడానికి ఇన్నేళ్లూ పడిన అవస్థకు కారణమేమిటో, అందులో ఎంత తగ్గిందో వీటివల్ల తేలదు.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. లండన్ దగ్గరి గాట్విక్‌లో 1936లోనే రైలు దిగినవారు సొరంగ మార్గాన టెర్మినల్‌లోకి నడిచి, పైకప్పున్న దారిలో తడవకుండా విమానం ఎక్కేవారు. 1967లో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ పసుపుపచ్చ సూచిక బోర్డులు పెట్టి, ఎవరినీ అడగకుండా దారి తెలిసే పద్ధతి నేర్పింది. తెలుగు నేల మీద బేగంపేట నిజాం కాలపు విమానాశ్రయం. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయమయ్యేదాకా అక్కడి నుంచే నడిచింది. విశాఖకు పౌర విమానం 1981లో, రోజుకు ఒక్కటి చొప్పున మొదలైంది. ఆ రోజుల్లో టెర్మినల్ అంటే ఒక హాలు, నాలుగు కుర్చీలు. సౌకర్యం లేదు నిజమే, కానీ ఆలస్యమూ పెద్దగా లేదు.

ఆలస్యం తరువాత వచ్చింది, అదీ భద్రత పేరుతో. 1985 జూన్‌లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి అట్లాంటిక్‌లో కూలింది. సామానులో పెట్టిన బాంబు అది. ఆ సామాను తాలూకు మనిషి విమానం ఎక్కలేదు. 1987 ఏప్రిల్‌లో పౌర విమానయాన భద్రతా బ్యూరో స్వతంత్ర శాఖగా ఏర్పడింది. బ్యాగు ఎవరిదో ఆ మనిషి విమానంలో ఉన్నాడని తేలాకే బ్యాగు ఎక్కాలన్న నియమం గట్టిపడింది. చాలాకాలం ప్రయాణికులే మెట్ల దగ్గర వరసగా పేర్చిన సామాను ముందుకు వెళ్లి ‘ఇది నాది’ అని వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. చూపించని బ్యాగు నేల మీదే ఉండిపోయేది. 1999 డిసెంబరు కాందహార్ హైజాక్ తరువాత పోలీసుల స్థానంలో కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ వచ్చింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలై దేశమంతా విస్తరించింది. టెర్మినల్ గుమ్మం దగ్గరే టికెట్టు, గుర్తింపు కార్డు తనిఖీ, లోపల పెద్ద సామానుకు ఎక్స్‌రే, దానికి ప్లాస్టిక్ పట్టీ, కౌంటరు, ఒంటి తనిఖీ, చేతిసంచికి కట్టిన కాగితపు ట్యాగు మీద స్టాంపు, విమానం దగ్గర ఆ స్టాంపు పడిందో లేదో మళ్లీ చూడటం. ఒక్క ప్రయాణానికి ఇన్ని క్యూలు.

ఈ వరుస గుర్తుంటే ఆ తరువాతి ‘సాంకేతిక విప్లవం’ స్వరూపం కాస్త మారి కనిపిస్తుంది. సామాను ఎక్స్‌రే కౌంటరు వెనక బెల్టు మీదికి వెళ్లడంతో ఒక క్యూ పోయింది. 2015 డిసెంబరులో హైదరాబాద్ దేశీయ ప్రయాణానికి ఈ-బోర్డింగ్ తెచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాద్‌తో సహా ఏడు విమానాశ్రయాల్లో చేతిసంచి ట్యాగు స్టాంపు ఎత్తేశారు. ఈ మార్పుల్లో చాలావరకు కొత్తగా ఇచ్చిన సుఖం కాదు, అంతకుముందు పెట్టిన అడ్డంకిని సర్దుకోవడమే. స్టాంపు ఎత్తేయడానికైతే పెద్ద యంత్రమూ అక్కర్లేదు. కెమెరాల నిఘా సరిపోతుందని అధికారులు ఒప్పుకుంటే చాలు.

దీన్నిబట్టి ప్రైవేటు కట్టడాలు ఏమీ చేయలేదని అనుకోకూడదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచి బేగంపేటను వాణిజ్య విమానాలకు మూసినప్పుడు తేడా తెలుగువారందరికీ కంటికి కనిపించింది. రాకపోకల దారులు వేరయ్యాయి, ఎండలో బస్సు కోసం నిలబడే పని తప్పింది. దానికి బదులుగా టికెట్టులో వినియోగదారుల అభివృద్ధి రుసుమూ చేరింది. సౌకర్యం పెరిగింది, ఖర్చు ప్రయాణికుడి మీదే పడింది. రెండూ కలిపి చెప్పినప్పుడే లెక్క సరిపోతుంది.

విశాఖ కథ వేరు. అక్కడ 2009లో తెరిచిన కొత్త టెర్మినల్‌నే మలుపుగా చెబుతారు. అంతకన్నా పెద్ద మార్పు రెండేళ్ల ముందు, 2007లో, టెర్మినల్ బయట జరిగింది: సుమారు 10,000 అడుగుల కొత్త రన్‌వే వాడుకలోకి వచ్చింది. పాత రన్‌వే పొడవు 6,000 అడుగులు. అంత చిన్న నేల మీద ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 తరగతి విమానాలు పూర్తి బరువుతో లేవడం కష్టం. మనుషులనో, సామానునో, ఇంధనాన్నో తగ్గించుకోవాలి. ఇంధనం తగ్గితే దూరం తగ్గుతుంది, మనుషులు తగ్గితే టికెట్టు ధర పెరుగుతుంది. పెద్ద రన్‌వే వచ్చాకే ఎక్కువ విమానాలు, పోటీ, సింగపూర్ వంటి చోట్లకు నేరుగా వెళ్లే సర్వీసులు సాధ్యమయ్యాయి. 2018-19లో విశాఖ నుంచి రాకపోకలు సాగించినవారు 28 లక్షలకు పైనే. ఆ రద్దీని టెర్మినల్ భరించింది గానీ, తెచ్చింది మాత్రం రన్‌వే.

అయితే రన్‌వే కూడా సగం జవాబే. ఆ నేల నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా స్థావరంలో పౌర విమానాలు ఒక మూల అద్దెకున్నట్టు ఉంటాయి. నావికా విమానాల శిక్షణ వేళల్లో పౌర విమానాలకు పరిమితి ఉంటుంది. దేశ రక్షణ ముందన్నది ఎవరూ కాదనరు. దాని ఫలితం మాత్రం టెర్మినల్ లోపల తేలుతుంది. టెర్మినల్ ఎంతమందికి సరిపోతుందో ఏడాది లెక్కతో కొలవరు, అత్యంత రద్దీ గంటలో ఎంతమంది వస్తారన్న లెక్కతో కొలుస్తారు. రోజంతా పరుచుకోవలసిన విమానాలు అనుమతి ఉన్న వేళల్లోనే గుమిగూడితే, ఆ గంటల్లో కుర్చీ దొరకదు. మిగతా సమయంలో అదే హాలు బోసిపోతుంది. ఈ ఇబ్బందిని కౌంటర్లు పెంచో, ఆటోమేటిక్ యంత్రాలు పెట్టో తీర్చలేరు. విశాఖ టెర్మినల్ ఇరుకు అన్న ఫిర్యాదుల్లో ఎన్ని నిజంగా భవనానివో, ఎన్ని టైంటేబిల్‌వో విడదీసి చూసినవారు తక్కువ. పోనీ మొత్తం తప్పు వేళలదే అనడమూ సరికాదు. చుట్టూ కొండలు, పక్కనే మేఘాద్రిగెడ్డ ఉండగా విస్తరించడానికి చోటు కూడా అంతంతమాత్రమే.

భవన రూపకల్పనకు అసలు పరీక్ష 2014 అక్టోబరు 12న ఎదురైంది. హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లు మించిన గాలితో తీరం దాటినప్పుడు అయిదేళ్ల వయసున్న టెర్మినల్ పైకప్పు చెదిరిపోయింది. విమానాలు మళ్లీ మొదలైంది అక్టోబరు 17న. తీర ప్రాంతంలో వెలుతురు కోసం పెట్టే అద్దం, అందం కోసం వేసే రేకు ఎంత గాలికి నిలుస్తాయన్నదీ ప్రయాణికుడి సౌకర్యంలో భాగమే. అవార్డుల కోసం జరిపే సర్వేల్లో ఈ ప్రశ్న ఉండదు.

ఇక వర్తమానం. 2024 సెప్టెంబరు 6న రామ్మోహన్ నాయుడు విశాఖ నుంచే తొమ్మిది విమానాశ్రయాల్లో డిజియాత్ర ప్రారంభించారు. ఫోన్‌లోని యాప్‌లో ఆధార్‌తో ఒకసారి నమోదైతే గుమ్మం దగ్గర, సెక్యూరిటీకి ముందు, బోర్డింగ్ గేటు దగ్గర కెమెరాయే పోల్చుకుంటుంది. గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు పట్టుకుని నిలబడే పని తగ్గడం మేలే. కానీ నిజంగా సమయం తినేది ట్రేలో బెల్టు, ల్యాప్‌టాప్, చిల్లర పెట్టి ఒళ్లు తడిమించుకునే చోటు. అక్కడ డిజియాత్ర చేసేదేమీ లేదు. ఆ తనిఖీని వేగంగా చేసే బాడీ స్కానర్లు పెట్టమని 2019లోనే ఆదేశాలు వెలువడినా గడువులు దాటిపోయాయి. పైగా 2024 మొదట్లో కొన్ని విమానాశ్రయాల్లో అడగకుండానే ముఖం ఫొటో తీసి చేర్చుకుంటున్నారన్న ఫిర్యాదులు పత్రికలకెక్కాయి. ఇష్టమైనవారికే అని చెప్పే ఏర్పాటు, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఎంతవరకు ఇష్టంగా మిగులుతుందన్నది తేలని సంగతి.

ఉత్తరాంధ్రకు మరో ప్రశ్న ఉంది. ఇక్కడి నుంచి విమానం ఎక్కేవారు అందరూ ఐటీ ఉద్యోగులు కారు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, తాపీ మేస్త్రీలు ఏళ్లుగా గల్ఫ్‌కూ సింగపూర్‌కూ వెళ్తున్నారు. పదో తరగతి దాటనివారికి గల్ఫ్ ఉద్యోగానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. డిజియాత్ర దేశీయ ప్రయాణానికే కాబట్టి, వీరి అసలు క్యూ అయిన ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర అది పనికిరాదు. అట్ట పెట్టెకు తాడు కట్టి, మీద స్కెచ్ పెన్నుతో పేరూ ఊరూ రాసుకుని వచ్చే మనిషికి కావలసినవి వేరు: తెలుగులో వినబడే ప్రకటన, సాగనంపడానికి వచ్చిన ఇంటివాళ్లు కూర్చునే చోటు, జేబుకు అందే టీ. 2018 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన సురేశ్ ప్రభు పౌర విమానయాన మంత్రిగా ఉండగా, ప్రకటనలు మొదట స్థానిక భాషలోనే చేయాలని ఆదేశించారు. అయితే ప్రకటనలే చేయని ‘నిశ్శబ్ద విమానాశ్రయాల’కు అది వర్తించదన్నారు. చదువుకున్నవారికి ఆ నిశ్శబ్దం ఊరట, బోర్డు చదవలేనివారికి అగచాటు. దీనితో పోలిస్తే 2024 డిసెంబరులో కోల్‌కతాలో మొదలైన ఉడాన్ యాత్రీ కేఫ్, 10 రూపాయలకు టీ ఇచ్చి, చిన్నదైనా నిజమైన అవసరం తీర్చింది.

ఈ చిక్కులన్నిటికీ జవాబుగా భోగాపురం కొత్త విమానాశ్రయాన్ని చూపిస్తున్నారు. 2015లో మొదట వినిపించిన ప్రతిపాదన 15 వేల ఎకరాలు. రైతుల ప్రతిఘటనతో తగ్గుతూ 2,200 ఎకరాల దగ్గర ఆగింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాలు ఖాళీ అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు ఒకసారి, 2023 మేలో జగన్‌మోహన్ రెడ్డి ఇంకోసారి శంకుస్థాపన చేశారు. నిర్మాణం జీఎంఆర్‌ది, పేరు అల్లూరి సీతారామరాజుది, టెర్మినల్ ఆకారం ఎగిరే చేపది. తొలి దశలో ఏడాదికి 60 లక్షల మందికి సరిపోయేలా తలపెట్టారు. 2026 జనవరి 4న ఎయిర్ ఇండియా పరీక్షా విమానం దిగింది. వీటన్నిటిలో ప్రయాణికుడికి ఎక్కువ మేలు చేయబోయేది చేప ఆకారం కాదు, 3,800 మీటర్ల రన్‌వే, దాని మీద పౌర విమానాలకే చెందే ఇరవై నాలుగు గంటలు.

దూరం లెక్క మాత్రం అందరికీ ఒకేలా లేదు. శ్రీకాకుళం నుంచి వచ్చేవారు ఇన్నాళ్లూ విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి ఎన్ఏడీ కూడలి మీదుగా ఆటో పట్టుకునేవారు. భోగాపురం వారికి దారిలోనే, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనే. గాజువాక వారికైతే ప్రయాణం పెరుగుతుంది. ఇచ్ఛాపురం వారికి నేటికీ విశాఖ కన్నా భువనేశ్వర్ దగ్గర. భోగాపురం వచ్చాక రెండూ ఇంచుమించు సమానమవుతాయి. అందుకనే పలాస దగ్గర ఇంకో విమానాశ్రయం అన్న మాట వినబడుతోంది. దానికి అడిగే భూమి ఉద్దానం జీడి, కొబ్బరి తోటలది. రైతులు ఒప్పుకోవడం లేదు. భోగాపురానికి రైలు మార్గం లేదు, విజయనగరం జంక్షన్ నుంచి రోడ్డు మీదే రావాలి. తెల్లవారుజాము విమానానికి టెక్కలి నుంచో, పార్వతీపురం నుంచో బయలుదేరే మనిషికి రాత్రి రెండింటికి ఆర్టీసీ బస్సు ఉంటుందా లేదా అన్నది టెర్మినల్ నమూనా చిత్రాల్లో కనిపించదు.