చెఱువు కట్టినవారును చెఱువు కాచినవారును

నెల్లూరినుండి మైపాడునకు పోవు బాట 20 కిలోమీటర్లకు పైబడినది. అది తూర్పుముఖముగా సాగి, పెన్ననీటితో పండు వరిమళ్లను గడచి, ఇందుకూరుపేట ప్రాంతములమీదుగా బకింగుహాము కాలువను దాటి, ఇసుకనేలలలో బడి, తుదకు సముద్రముకడ నిలిచిపోవును. నెల్లూరుసీమయందలి సేద్యపుకథ యెట్టిదో తెలియగోరువారు పుస్తకములు తెఱచుటకు ముందు ఈ బాటను ఒకమారు నడచిన మేలు. పడమట కాలువమొదట నీరు నిండుగ పాఱును. తూర్పునకు పోయినకొలది కాలువ సన్నగిల్లును. రైతుమాటలలో నీటిప్రసంగము హెచ్చగును. కొసభూముల రైతు ఆకాశమువంక ఎన్నిమారులు చూచునో ఎగువరైతు తూమువంకను అన్నిమారులు చూచును. వాని పైరును ఎండబెట్టునది వానలేమి యొక్కటియే కాదు. పైనున్న మనుష్యుడును కారణమగుచున్నాడు.

చెఱువు ఎవరిది యను ప్రశ్న అందుచేతనే పుట్టినది. కట్టించినవానిదా, కాచినవానిదా, కట్టక్రింద మడి గలవానిదా? లేక ఆ నీట బట్టలుదుకువాడు, పశువును కడుగువాడు, చేప పట్టువాడు, కడవ ముంచుకొనిపోవు ఆడుది, వీరందఱకును అందు పాలు గలదా? మన పూర్వులు ఈ ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పిరో, దొరతనమువారు ఏమి చెప్పిరో, మన ప్రజాప్రభుత్వము ఏమి చెప్పినదో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మనవారు సప్తసంతానములలో తటాకమును చేర్చిరి. కొడుకును కనుట, కృతి నందుట, గుడి కట్టించుట, తోట నాటించుట, నిధి నిలుపుట, అగ్రహారమిచ్చుట, వీనితోపాటు చెఱువు త్రవ్వించుటయు వంశమును నిలుపునని వారి నమ్మకము. నమ్మకము మంచిదే. దానివలన వర్షాధారపు దేశమునందు వేలకొలది చెఱువులు వెలసినవి. నెల్లూరుమండలమునందలి శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. అట్టి శాసనములను చదువువారికి ఒక సంగతి త్వరలోనే బోధపడును. దానము చేసిన రాజు పేరు, మంత్రి పేరు, పుణ్యము పొందవలసిన తల్లిదండ్రుల పేరులు శిలమీద చెక్కబడును. గంప మోసినవాని పేరుమాత్రము కానరాదు. బిడ్డ కన్నవానిదై పోయినది. పెంచినవానిని ఎవరు నడిగినవారు లేరు.

దీనికి మిక్కిలి గొప్ప నిదర్శనము కడపమండలమునందలి పోరుమామిళ్ల చెఱువు. దానికిని మన నెల్లూరుసీమకును సంబంధము గలదు. ఆ చెఱువును కట్టించిన భాస్కర భవదూరుడు మొదటి బుక్కరాయల కుమారుడు. ఉదయగిరినుండి తూర్పుసీమను పాలించినవాడు. శక 1291, అనగా క్రీ. శ. 1369వ సంవత్సరమున వేయించిన ఆ శాసనము చెఱువు నిర్మించుటకు పండ్రెండు సాధనములు కావలయుననియు, ఆఱు దోషములు కూడదనియు చెప్పుచున్నది. ధర్మాత్ముడును ధనవంతుడునైన ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టిమన్ను గల నేల, తియ్యనినీటి యేఱు, ఆనుకొనియున్న కొండలు, వాని నడుమ దృఢమైన రాతికట్ట, విశాలమును లోతునునైన గర్భము, దాపుననే నిడుపాటిరాళ్లు దొరకు గని, క్రింద ఫలవంతమైన సమభూమి, ఇవి సాధనములలోనివి. తుదను చెప్పబడినది పని తెలిసిన జనసమూహము. కట్టనుండి నీరూరుట, చవుటినేల, గర్భమునడుమ మెట్ట యుండుట, నీరు కొంచెమై భూమి యధికమగుట, భూమి కొంచెమై నీరధికమగుట, ఇవి దోషములు. వీనితోపాటు రెండు రాజ్యముల పొలిమేరను చెఱువుండుటయు దోషమనియే ఆ శాసనకర్త లెక్కించెను. మన్నును రాళ్లను ఎఱిగినంతగా మనుష్యుల కలహములను గూడ ఎఱిగినవాడు కావున అట్లు వ్రాసెను. ఇద్దఱు యజమానులు గల చెఱువునకు మరమ్మతు జరుగదని 650 సంవత్సరములక్రిందటనే మనవారికి తెలియును!

ఆ చెఱువుపని రెండు సంవత్సరములు జరిగినది. దినమునకు వేయిమంది పనివారు కట్టకును తూముగోడలకును పనిచేసిరనియు, నూఱు బండ్లు రాళ్లు తోలినవనియు శాసనమందే కలదు. బండ్లకు లెక్కయున్నది, మనుష్యులకు లెక్కయున్నది, ఒక్కనికైనను పేరులేదు. మన దేశమున మట్టిపనికిని రాతిపనికిని పేరుపడిన ఒడ్డెరలవంటి శ్రామికులకు మనము కూలి యిచ్చితిమి, ఖ్యాతి యీయలేదు.

కట్టుట రెండేండ్ల పని. కాచుట తరతరముల పని. నెల్లూరుసీమకు ముఖ్యమైన వాన అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తూర్పుగాలితో వచ్చును. కావున వేసవియందే చెఱువు సిద్ధము కావలయును. నీరింకినవెంటనే గర్భమునందలి పూడికమన్ను తీసి బండ్లతో పొలములకు తోలుకొనిపోవుదురు. అది చెఱువునకు లోతును, మడికి ఎరువును గూర్చును. ఒక్క పనితో రెండు లాభములు. పిదప కట్టమీది ముండ్లపొదలు కొట్టుట, ఎలుకబొరియలు పూడ్చుట, వానదెబ్బకు కోసుకొనిపోయిన చోట్ల మన్ను వేసి త్రొక్కుట, జారిన రాతిపరుపు సరిచేయుట, చెఱువులోనికి నీరు తెచ్చు వాగుకాలువలను బాగుచేయుట జరుగును. ఈ కడపటిపని మిక్కిలి ముఖ్యమైనది. కట్ట యెంత బలముగా నున్నను నీరు వచ్చు త్రోవ మూసికొనిపోయినచో అది పశువులబీడుగనే యుండును.

వాన వచ్చినపిదప కలుజుకడ అసలు పరీక్ష మొదలగును. కలుజనగా మితిమీఱిన నీరు పొర్లిపోవు రాతికట్టడము. దానిమీద వరుసగా నిలువురాళ్లు పాతియుందురు. వర్షకాలపు తుదియందు ఆ రాళ్లనడుమ మట్టియు పచ్చగడ్డలును పెట్టి అడుగు రెండడుగుల నీటిని హెచ్చుగా నిలుపుకొనుట వాడుక. అట్లు నిలుపుటవలన క్రిందిమళ్లకు మఱియొక తడి దొరకును. పైనున్న శిఖముభూమి మునుగును. ముందుగా అడ్డుపెట్టినను, అడ్డు తీయుట ఆలసించినను, ఒక్క తుపానురాత్రి కట్ట తెగిపోవచ్చును. ఎప్పుడు పెట్టవలయునో, ఎప్పుడు తీయవలయునో తెలిసియుండుటయే గ్రామమునకు గల జలశాస్త్రము. అది గ్రంథములలో లేదు, నీరుగంటికి తెలియును. తూము తెఱచుట, మూయుట, నీరు తక్కువైనప్పుడు వంతులవారిగా మళ్లకు పెట్టుట అతని పని. కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు అతని వంతు అతనికి ముట్టెడిది. అతనికి సొంతముగా మడి లేకుండుటయే మేలని కొందఱందురు. మడి లేనివాడు పక్షపాతము చూపడని వారి తలంపు. నాకది సగమే నిజమని తోచుచున్నది. మడి లేనివాడు మడి గలవానికి భయపడును గదా.

ఈ ఏర్పాటునకు చెన్నపురి రాజధాని లెక్కలలో కుడిమరామతని పేరు. కుడియనగా కాపు, ప్రజ. మరామతు పారసీకుల మూలమున మనకు వచ్చిన మాట. గ్రామజనులే చేయు మరమ్మతని తాత్పర్యము. దీనికి తోడు దశబంధపు మాన్యములుండెడివి. చెఱువు కట్టించినవానికో, కట్టను కాపాడుటకు ఒప్పుకొన్నవానికో ఈయబడిన భూమి అది. పదియవవంతను అర్థము ఆ మాటలోనే యున్నది. భూమి అనుభవించువాడు కట్టను కాపాడవలయును. చక్కని యొడంబడికయే.

అయితే ఆ కాలమంతయు స్వర్ణయుగమని కొందఱు వ్రాయుచుందురు. తెల్లవారు వచ్చి గ్రామైక్యమును చెఱచువఱకు కాపును కూలివాడును చేయిచేయి పట్టుకొని కట్టమీద పాటలు పాడుచు మన్ను మోసిరట! చదువుటకు ఇంపుగానే యుండును. కాని కుడిమరామతు గ్రామమందఱి సమష్టిశ్రమ యైనచోట్లు ఎన్ని యున్నవో, పెద్దకాపు ఇంటివంతు పనిని అతని పాలేరు వచ్చి చేసినచోట్లు అంతకు తక్కువ యుండవు. నీరు మడి గలవానికి. గంప మడి లేనివానికి. వెట్టియను మాటకు మన గ్రామములలో అర్థము చెప్ప నక్కఱలేదు. ఊరి తాగునీటిచెఱువును త్రవ్విన చేతులే ఆ నీటిని ముట్టరాదని కట్టడిచేసిన దేశము మనది. ఈ సంగతిని విడిచి చెఱువుల చరిత్ర వ్రాయుట కట్టను వర్ణించి గండిని దాచినట్లుండును.

1801లో నెల్లూరుసీమ ఇంగ్లీషు కుంపిణీవారి పాలనమునకు వచ్చెను. వారు ఈ ఆచారమును చూచి మెచ్చుకొనిరి, మెచ్చుకొని చట్టముచేసిరి. అది 1858వ సంవత్సరపు మొదటి చట్టము. అందు రెండు భాగములు గమనింపదగినవి. చెఱువుకట్టగాని ఏటికట్టగాని హఠాత్తుగా తెగు అపాయము కలిగినప్పుడు సమీపగ్రామములలోని శ్రామికవర్గముల పురుషులను బలవంతముగ పనికి పిలుచుటకు అధికారులకు హక్కు కలిగెను. ఇది యొకటి. ఆచారముచొప్పున గ్రామజనులందఱును కలిసి చేయవలసిన పనికి రానివాడు, తాను చేయవలసిన పని విలువకు రెట్టింపు సొమ్ము చెల్లింపవలయును. ఇది రెండవది. మొదటిదానిలోని మాటను పాఠకులు మరల చూతురుగాక. గండి పడినచో పొలము పోవునది భూస్వామికి. వెన్ను వంచి మన్ను మోయుమని పిలిచినది శ్రామికవర్గమును! పూర్వము ఆచారమను పేర జరిగినది ఇప్పుడు చట్టమను పేర జరుగసాగెను. భేదమంతయు అదియే.

ఆ కాలమునందే పెద్దకట్టడములు లేచినవి. పెన్నమీద నెల్లూరుకడ ఆనకట్ట 1855లో పూర్తియైనది; 1857 వరదలకు దెబ్బతిని బాగుచేయబడినది. సంగముకడ ఆనకట్ట 1886 నాటికి సిద్ధమైనది. వీనివలన నెల్లూరుచెఱువు, సర్వేపల్లి, కనిగిరి జలాశయములు ఏటినీటితో నిండసాగినవి, పంట స్థిరపడినది. ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని తూముతాళము గ్రామమునుండి కచ్చేరికి పోయినది. చిన్నచెఱువులు ఇంకను గ్రామములవే యని చెప్పుచునే, వానికి నీరు తెచ్చు వాగులను, శిఖమును, చెట్లను దొరతనమువారు తమ లెక్కలలో వ్రాసికొనిరి. హక్కు లేని యింటికి ఎవడు సున్నము కొట్టును? క్షామముల పిమ్మట 1883లో చెఱువుల పునరుద్ధరణపథకమని యొకటి పెట్టి దొరతనమువారే మరమ్మతునకు పూనుకొనవలసివచ్చెను. 1948 చట్టముతో వేంకటగిరి మొదలగు జమీందారీలు పోవుటచే వాని చెఱువులును సర్కారువశమైనవి. పిదప ఇంజనుబావులు వచ్చినవి. మడికి స్వంతబావి గలవాడు చెఱువుకట్టమీదికి పోవుట మానెను.

మైపాడు తీరమునకు మఱల వత్తము. ఇక్కడ చెఱువన్న మాటకే అర్థము మాఱినది. 1990 తరువాత ఈ కోస్తా పొడవున రొయ్యలచెఱువులు విస్తరించెను. ఉప్పునీటిని తోడి పొలములమధ్య నిలువజేసిరి. ప్రక్క మడిలోనికి ఉప్పు ఊరెను. గుంటలలోని మంచినీరు చెడెనని మొఱలు బయలుదేరెను. చవుటినేల దోషమని భాస్కరుడు చెప్పగా, మనవారు మంచినేలను ధనమిచ్చి చవుటిగా మార్చుకొనిరి. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చతెగులు తగిలి పలువురు అప్పులపాలైరి. 1996 డిసెంబరు 11న భారత సర్వోన్నతన్యాయస్థానము, జగన్నాథన్ అను సర్వోదయవృద్ధుడు వేసిన వ్యాజ్యెమునందు, తీరపుకట్టడిమండలములో అట్టి చెఱువులు కూడదని తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు వేఱొక శాసనముచేసి ఆ వృత్తిని నమోదుపద్ధతిక్రింద సాగనిచ్చెను. తియ్యనీరును ఉప్పునీరును రెండు రాజ్యములనుకొన్నచో మైపాడు వాని పొలిమేర. అక్కడ చెఱువు ఎట్లుండునో ఆ పాతశాసనమే చెప్పినది.

1997లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సేద్యపునీటి వ్యవస్థలను రైతులకే అప్పగించు చట్టము చేసినది. పదివేలకు పైగా నీటిసంఘములు ఏర్పడినవి, ఎన్నికలు జరిగినవి. పూడిక తీయుట, తూము బాగుచేయుట, వంతులు నిర్ణయించుట వానిపనులు. దీనిని నేను సంతోషముతో చూచుచున్నాను. స్పెయినుదేశమున వలెన్సియానగరములో ప్రతి గురువారము దేవాలయపు వాకిట రైతులెన్నుకొన్న పెద్దలు కూర్చుండి నీటితగవులను నోటిమాటలతోనే తీర్చుచున్నారు. శతాబ్దములనుండి నడచు సభ యది. బాటను పోవు ఎవ్వరైనను నిలిచి వినవచ్చును. మన నీటిసంఘపు లెక్కలను గూడ రచ్చబండకడ అట్లు బిగ్గరగ చదివినచో పూడిక ఎన్ని బండ్లు తీసిరో, ఎన్ని బండ్లకు సొమ్ము వ్రాసిరో ఊరివారికే తెలిసిపోవును.

అయినను ఆ చట్టములో నాకొకటి గ్రుచ్చుకొనుచున్నది. సంఘమునందు సభ్యులు పలువిధములవారు. ఆయకట్టులో భూమి గలవారు ఒక తరగతి, ఇతర నీటివాడుకదారులు మఱియొక తరగతి. ఓటు మొదటివారికే. చాకలివాడు, చేపలు పట్టు యానాది, గేదెను తోలుకొనివచ్చు ముసలమ్మ, ఉపాధిహామీపనిలో పార పట్టి ఆ చెఱువు పూడికనే తీసిన కూలిమనిషి, వీరు చెఱువును వాడుకొందురుగాని చెఱువునుగూర్చి చేయెత్తజాలరు. 1858 నాటి చట్టము గంపను వీరి నెత్తిన పెట్టినది. 1997 నాటి చట్టము ఓటును వీరి చేతికి ఈయలేదు.

నెల్లూరుపట్టణములో స్వర్ణాలచెఱువు గలదు. మొహరమునాళ్లలో బారాషహీదు దర్గాకడ ఆ నీటిలో మోకాలిలోతున నిలిచి జనులు ఒకరికొకరు రొట్టెలు మార్చుకొందురు. కోరిక గలవారు రొట్టె పుచ్చుకొందురు. కోరిక తీరినవారు మఱుసటియేడు వచ్చి ఇత్తురు. హిందువులు, మహమ్మదీయులు, కూలివారు, ఉద్యోగులు, దూరదేశములనుండి వచ్చిన స్త్రీలు వేలకొలది ఒక్కనీటిలో నిలుతురు. నీకు కట్టక్రింద ఎన్ని ఎకరములున్నవని అక్కడ ఎవరును అడుగరు. 2024 డిసెంబరులో నీటిసంఘములకు మరల ఎన్నికలు జరిగినప్పుడు ఆ ప్రశ్నయే మొదట అడుగబడినది.