గేట్‌మన్ డ్యూటీ, ఆయా డ్యూటీ

పోయిన ఆదివారం మీటింగులో ఒక పెద్దాయన, "ఇంట్లో మంచం పట్టినవాళ్లని చూసే ఆయాకి అంత డబ్బెందుకండీ, సగం సేపు ఊరికే కూర్చోవడమే కదా" అన్నారు. అప్పుడు ఊరుకున్నాను. రైల్వేలో గుమాస్తాగా డ్యూటీ రోస్టర్లు రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన లెక్క ఇప్పుడు చెబుతాను.

మన రంభ మీదుగా రైళ్లు 1890ల నుంచి నడుస్తున్నాయి. గేట్‌మన్ ఇన్ని గంటలే కూర్చోవాలని అప్పట్లో చట్టమేమీ లేదు. 1919లో వాషింగ్టన్‌లో పని గంటల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 1921లో మన దేశమూ ఆమోదించింది. దాని ఫలితంగానే 1930లో రైల్వే చట్టాన్ని సవరించారు. ఆగకుండా సాగే పనికి వారానికి 60 గంటలు, మధ్యమధ్య తెరిపి ఉండే పనికి 84. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పుతో అవి 54, 75 అయ్యాయి. 75 మాత్రం తక్కువా అంటే, అది వేరే గొడవ. బండి కోసం కాచుకున్న గంటను కూడా డ్యూటీ కిందే రాశారు, అదీ నేను చెప్పేది. కునుకు తీస్తే ఛార్జిషీటు ఇచ్చే గంటని విశ్రాంతి అని ఎలా అంటాం?

ఇంట్లో రోగిని చూసేవాళ్లకి ఈ లెక్క రాలేదు. 1923 నాటి పరిహార చట్టంలో రైల్వే పనివాళ్లున్నారు, వీళ్లు లేరు. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం, ఇ.ఎస్.ఐ. చట్టం కూడా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. 2011లో జెనీవాలో ఇంటి పనివాళ్ల కోసం 189వ ఒప్పందం చేశారు. పిలిస్తే పలకడానికి కాచుకుని ఉండే సమయాన్ని కూడా, ఆ దేశ చట్టం చెప్పిన మేరకు, పని గంటల్లో కలపాలని అందులో ఉంది. దీన్ని మాత్రం మన దేశం ఆమోదించలేదు.

మా అమ్మ పక్షవాతంతో పద్నాలుగు నెలలు మంచం మీద ఉంది. ఏజెన్సీవాళ్లు ఒక అమ్మాయిని పంపారు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారు డాక్టరు గారు. అమ్మ భారీ మనిషి. ఆ పిల్ల ఒక్కతే ఎత్తేది, తిప్పేది, యూరిన్ బ్యాగు మార్చేది. గ్లవ్స్ అయిపోతే ఉత్త చేతులే. "రాత్రి పడుకుంటుంది కదా" అని నేను రాత్రిని లెక్కలోకే తీసుకోలేదు. పదో నెలలో నడుం పట్టేసి తనే లేవలేకపోయింది. మర్నాటికి ఏజెన్సీ ఇంకో అమ్మాయిని పంపి ఈమెని బస్సెక్కించింది. మందుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారని నేనూ అడగలేదు.

ఆమె టైములు రాసిన నోటుబుక్కు ఇంకా మా ఇంట్లోనే ఉంది. రాత్రి పన్నెండుం పది, రెండూ ఐదు, నాలుగుంపావు... ఆదివారాలు కూడా. మొన్న కూర్చుని రోస్టరు పద్ధతిలో కూడాను. ఒక్క పగటి డ్యూటీయే వారానికి 100 గంటలు దాటింది. వచ్చే మీటింగుకి ఆ పుస్తకం తెస్తాను, మీరూ చూడండి.