ఇన్‌స్టాలర్ అడిగిన ప్రశ్నలు

1991 జనవరి మొదటివారంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక కంప్యూటర్ కొన్నాడు. 33 మెగాహెర్ట్జ్ 386 ప్రాసెసర్, 4 ఎంబీ ర్యామ్. చేతిలో అంత డబ్బు లేక వాయిదాల మీద తీసుకున్నాడు. చిన్న దుకాణంలో తెచ్చిన ఆ డబ్బా మీద పేరున్న కంపెనీ ముద్ర ఏదీ లేదు. లైనక్స్ పుట్టింది అందులోనే.

ఈ సంగతికి నేను కాస్త ఎక్కువ విలువే ఇస్తాను. బ్రాండెడ్ కంప్యూటర్ లోపల ఏమేం ఉన్నాయో తయారుచేసిన కంపెనీకి తెలుసు. తగిన ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, సరిచూసి అమ్ముతుంది. మదర్‌బోర్డు ఒకరిది, గ్రాఫిక్స్ కార్డు మరొకరిది, క్యాబినెట్ ఇంకొకరిది తెచ్చి బిగించుకున్న కంప్యూటర్‌కు అలాంటి పెద్దదిక్కు ఉండదు. లోపల ఏముందో బిగించినవాడే చెప్పాలి. లైనక్స్ ఇన్‌స్టాలర్ తొలినాళ్లలో చేసిందల్లా అతణ్ణి కూర్చోబెట్టి అడగడమే. ఆ ప్రశ్నలు ఒక్కొక్కటే ఎలా రాలిపోయాయో చూస్తే ఇన్‌స్టలేషన్ చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది.

మొదట్లో ఇన్‌స్టాలర్ అన్నదే లేదు. టోర్వాల్డ్స్ కూడా ముందు తన మెషీన్‌లో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, దాని మీదే కొత్త కర్నెల్ రాశాడు. ఒకరోజు మోడెమ్‌కు పంపాల్సిన ఆదేశాన్ని పొరపాటున హార్డ్ డిస్కుకు పంపేసరికి మినిక్స్ పార్టిషన్ పాడైంది. దాన్ని మళ్లీ వేసే బదులు, తాను రాస్తున్నదాన్నే పూర్తిస్థాయి వ్యవస్థగా పెంచుదామనుకున్నాడు. 1992 నాటికి బయటివాళ్లకు దొరికింది హెచ్.జె.లూ తయారుచేసిన రెండు ఫ్లాపీలు. ఒకటి బూట్ చేయడానికి, రెండోది కొద్దిపాటి కమాండ్లకు. హార్డ్ డిస్కు నుంచి బూట్ కావాలంటే మాస్టర్ బూట్ రికార్డును హెక్స్ ఎడిటర్‌లో తెరిచి బైట్లు చేత్తో మార్చుకోవలసిందే.

అదే ఏడాది మాంచెస్టర్ కంప్యూటింగ్ సెంటర్ నుంచి ఓవెన్ ల బ్లాంక్ ‘ఎంసీసీ ఇంటెరిమ్’ అనే డిస్ట్రో (కర్నెల్‌ను, కావలసిన ప్రోగ్రాములను కలిపిన కూర్పు) విడుదల చేశాడు. తర్వాత పీటర్ మెక్‌డొనాల్డ్ ‘ఎస్ఎల్ఎస్’ వచ్చింది. అందులోని తప్పులు భరించలేక ఇద్దరు యువకులు చెరో దారి పట్టారు. 1993 జులైలో పాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ తెచ్చాడు, ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించాడు. రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. స్లాక్‌వేర్ తొలి విడుదల 24 ఫ్లాపీలు. ఇరవయ్యోదాని మీద ఒక్క సెక్టార్ చెడితే, దాన్ని మళ్లీ రాసుకొచ్చేదాకా పని ఆగినట్టే.

అప్పటి ప్రశ్నలు ఎలా ఉండేవో కాస్త దగ్గరగా చూద్దాం. సౌండ్ కార్డు ఐఓ అడ్రస్ ఎంత, ఐఆర్‌క్యూ ఎంత, డీఎంఏ ఛానల్ ఎంత? సౌండ్ బ్లాస్టర్ అయితే 220, 5, 1 అని నోటికొచ్చేసేది. ఐఎస్ఏ కార్డుకు తన గురించి తాను చెప్పుకోవడం రాదు. జంపర్లు ఎక్కడ పెట్టామో మనకే గుర్తుండాలి. ఇక తెర మీద విండోలు, బొమ్మలు చూపే ఎక్స్ విండోస్ దగ్గర పరీక్ష మరీ గట్టిది. మానిటర్ హారిజాంటల్ సింక్ ఎన్ని కిలోహెర్ట్జ్ నుంచి ఎన్ని వరకు, వర్టికల్ రిఫ్రెష్ ఎంత, వీడియో మెమరీ ఎంత? మానిటర్‌తో వచ్చిన మాన్యువల్ పారేసినవాడి పని అంతే. తప్పు అంకెలిస్తే మానిటర్ కాలిపోవచ్చని హెచ్చరిక కూడా ఉండేది. అది ఉత్త బెదిరింపు కాదు, పాత మానిటర్లకు ఆ ప్రమాదం నిజంగానే ఉండేది.

ఇదంతా దాటితే లైలో. డిస్కు నుంచి కర్నెల్‌ను లేపే ఈ చిన్న ప్రోగ్రామ్ తన పేరులోని నాలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా తెర మీద వేసేది. ఒక్కో అక్షరం ఒక్కో దశ దాటినట్టు గుర్తు. ‘ఎల్ఐ’ దగ్గర ఆగిపోయిందంటే రెండో దశ లోడర్ డిస్కు నుంచి వచ్చింది గాని నడవలేదన్నమాట. కారణం చాలాసార్లు డిస్కు జ్యామెట్రీ. పాత బయోస్ 1024వ సిలిండర్ దాటి చదవలేదు కాబట్టి, కర్నెల్ కోసం డిస్కు మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ కేటాయించడం ఆచారమైంది. కారణం పోయాక కూడా ఆ ఆచారం చాలా ఏళ్లు నడిచింది.

మన దగ్గర ఈ కథకు మరో మలుపుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మద్రాసు రిచీ స్ట్రీట్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ లాంటి చోట్ల అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే లైసెన్సు లేని విండోస్ చాలాసార్లు కొసరుగా వచ్చేది. కాబట్టి లైనక్స్ ఉచితం అన్న మాటకు ఇక్కడ పెద్ద ఆకర్షణ లేదు. రెండూ పైసా ఖర్చు లేకుండానే దొరుకుతుంటే కష్టమైనదాన్ని ఎవరు ఎంచుకుంటారు? ఎంచుకున్నవాళ్లు లోపల ఏం జరుగుతోందో చూడాలన్న కుతూహలంతో ఎంచుకున్నారు. వాళ్లకు ఆధారం పీసీ క్వెస్ట్, లైనక్స్ ఫర్ యూ లాంటి పత్రికలతో వచ్చిన సీడీలు. 650 ఎంబీ సీడీని 56కె మోడెమ్ మీద దించుకోవాలంటే, లైను ఒక్కసారీ తెగకపోయినా, ఒక పగలూ రాత్రీ దాటుతుంది. పైగా ఆ మోడెమ్ లైనక్స్‌లో పనిచేస్తే కదా! తొంభైల చివర్లో చవకగా వచ్చిన ఇంటర్నల్ మోడెమ్‌లు చేయాల్సిన పనిలో చాలాభాగం విండోస్ డ్రైవర్ నెత్తిన పెట్టేవి. లైనక్స్ కింద అవి ఉత్త అట్టముక్కలు. ఇంటర్నెట్ లేనిదే డ్రైవర్ దొరకదు, డ్రైవర్ లేనిదే ఇంటర్నెట్ రాదు.

ప్రశ్నలు తగ్గడానికి ఇన్‌స్టాలర్ రాసినవాళ్ల తెలివి ఒక్కటే కారణం కాదు. హార్డ్‌వేర్ మాట్లాడటం నేర్చింది. పీసీఐ కార్డు తన తయారీదారు నంబరు, పరికరం నంబరు తానే చెబుతుంది. డీడీసీ అనే ప్రమాణం వచ్చాక మానిటర్ కూడా తన రిజల్యూషన్లను కేబుల్ మీదుగా చెప్పుకుంది. 1999లో కాల్డెరా ఓపెన్‌లైనక్స్ 2.2 గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ ఆడుకోవడానికి టెట్రిస్ పెట్టారు. అడగాల్సినవి అయిపోయాయని అంతకంటే ధీమాగా ఎలా చెబుతారు? 2000లో క్లాస్ నోపర్ తెచ్చిన నోపిక్స్ మరో అడుగు వేసింది. సీడీ పెడితే చాలు, హార్డ్ డిస్కును తాకకుండానే డెస్క్‌టాప్ వచ్చేది. కొత్తగా బిగించిన డబ్బాలో ఏ కార్డు పనిచేస్తుందో, ఏది చేయదో ముందే తేలిపోయేది.

2004 అక్టోబరులో వచ్చిన ఉబుంటు ఈ దారులన్నిటినీ కలిపింది. అడిగినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడికైనా సీడీలు ఉచితంగా పోస్టులో పంపే ‘షిప్‌ఇట్’ పథకం 2011 దాకా నడిచింది. 2006 నాటి 6.06 నుంచి లైవ్ సీడీలోనే ఇన్‌స్టాలర్ కూడా ఉంది.

తెలుగులో ఇన్‌స్టాల్ చేయడం ఆలస్యం కావడానికీ కారణం సాంకేతికమే. డెబియన్ పాత ఇన్‌స్టాలర్ టెక్స్ట్ కన్సోల్‌లో నడిచేది. గుణింతాలను, ఒత్తులను సరిగా కూర్చడం ఆ తెరకు చేతకాదు. 2007లో ‘ఎచ్’ విడుదలతో గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ వచ్చాకే దారి తెరుచుకుంది. భాషల జాబితాలో తెలుగు ఇప్పటికీ గ్రాఫికల్ పద్ధతిలోనే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు చేసిన పనితో సహా, ఈ అనువాదాల వెనుక ఉన్నది ఎక్కువగా జీతం లేని శ్రమ.

అన్నీ సర్దుకున్నాయనుకుంటుండగా కొత్త రకం ప్రశ్న వచ్చింది. 2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వ్యాపించింది. డబ్బాలో ఏముందన్నది దానికి పట్టదు. దేన్ని బూట్ కానివ్వాలన్నదే దాని లెక్క. ఫెడోరా, ఉబుంటు లాంటివి మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ‘షిమ్’ అనే చిన్న ప్రోగ్రామ్‌తో దాటుకొచ్చాయి. చాలా ఆసుస్ మదర్‌బోర్డుల సెటప్‌లో ‘ఓఎస్ టైప్’ దగ్గర రెండే ఎంపికలుంటాయి: ఒకటి విండోస్, రెండోది ‘అదర్ ఓఎస్’. గ్రాఫిక్స్ కార్డుల పేచీ ఇంకా పాతది. ఏఎమ్‌డీ 2007 నుంచే తన కార్డుల వివరాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. ఎన్‌విడియా తన కర్నెల్ మాడ్యూళ్లను ఓపెన్ సోర్స్‌గా ఇవ్వడానికి 2022 మే దాకా పట్టింది. లైనక్స్ కోసమే డెస్క్‌టాప్ కట్టుకునేవాళ్లు ఇప్పటికీ కార్డు కొనేముందు ఈ సంగతి చూస్తారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. టీపీఎమ్ 2.0 భద్రతా చిప్ లేదనో ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 కాదన్న డబ్బాలు ఇప్పుడు లైనక్స్ వైపు చూస్తున్నాయి. వెంటాయ్ లాంటి ఉపకరణంతో ఒక్క పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు డిస్ట్రోలు వేసుకుని, ఒక్కోదాన్ని రుచి చూసి, నచ్చినదాన్ని అరగంటలో వేసుకోవచ్చు. మునుపటి ప్రశ్నల్లో చెక్కుచెదరకుండా నిలిచింది మాత్రం ఒకటుంది: ఏ డిస్కులో వేయాలి? డిస్కు సైజు, తయారీ, అందులోని పార్టిషన్లు అన్నీ ఇన్‌స్టాలర్ చదవగలదు. ఏది పనికిరానిదో, దేంట్లో పెళ్లి ఫొటోలున్నాయో దానికి తెలియదు. అందుకే అనుభవమున్నవాళ్లు తెర మీద జాబితాను నమ్మరు. పవర్ తీసేసి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, ముట్టుకోకూడని డిస్కు సాటా కేబుల్ పీకి, అప్పుడు ఇన్‌స్టాల్ మొదలుపెడతారు.