కడలి అంచున ఉలి

మహాబలిపురంలో తీరాలయం చూసి అక్కడి నుంచే వెనుదిరిగేవారు ఎక్కువ. ఆవరణ దాటి ఇసుకలోకి దిగితే అలలు నేరుగా వచ్చి కొట్టే బండలున్నాయి. ఒకదాన్ని తొలిచి చిన్న గుడి చేశారు. మరొకదాని మీద సింహం, ఏనుగు తల చెక్కారు. ఉప్పుగాలి ముఖాల మెరుగును తినేసింది కానీ ఆకారాన్ని చెరపలేకపోయింది. రాయి గట్టిది కనుక నిలిచిందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ తీరం చరిత్రను ఒకసారి వెనుదిరిగి చూస్తే, ఇసుకా ఉప్పూ కమ్ముకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి వీటిని పట్టించుకున్నారు. వారిలో మనవాళ్లూ ఉన్నారు.

ఈ రాళ్లను చెక్కించిన పల్లవుల తొలి జాడలు కృష్ణా తీరానివి. పల్నాటి మంచికల్లు శాసనం, శివస్కందవర్మ ధాన్యకటకంలోని అధికారికి పంపిన ఆజ్ఞ ఉన్న మైదవోలు రాగిరేకులు అందుకు సాక్ష్యం. 7వ శతాబ్దం ఆరంభంలో కంచిని ఏలిన మొదటి మహేంద్రవర్మకు తెలుగు బిరుదులు ఉండేవి. గుంటూరు సీమలోని చేజర్లలోనూ ఆయన శాసనం ఉంది. ఉండవల్లి గుహలను చూసినందువల్లే కొండను తొలిచే ఆలోచన ఆయనకు వచ్చిందని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ వాదించాడు. ఆ వాదం తేలినా తేలకపోయినా, మండగపట్టు గుహలో మహేంద్రుడు వేయించిన శాసనంలోని గర్వం మాత్రం స్పష్టం. ఇటుక, కొయ్య, లోహం, సున్నం ఏవీ లేకుండా దేవుళ్లకు గుడి కట్టించానని చెప్పుకున్నాడు.

ఆ గర్వాన్ని సముద్రం ఒడ్డుకు తెచ్చినవాడు ఆయన కొడుకు నరసింహవర్మ. 642లో చాళుక్యుల వాతాపిని పట్టుకున్న ఈ మహామల్లుడి పేరు మీదే ఊరు మహామల్లపురమైంది. అయితే అక్కడి పనంతా ఆయన కాలానిదేనా? పంచరథాల మీది శాసనాలు, బిరుదులు చదివినవారు ఒక్కో రాజుకు ఒక్కో భాగం పంచారు. 1962లో ఆర్. నాగస్వామి ఏకంగా అన్నీ తర్వాతి పల్లవ రాజు రాజసింహుడివేనన్నారు. ఇంత వైవిధ్యాన్ని ఒక్క రాజు కాలంలో ఇరికించడం నాకు కష్టంగానే తోస్తుంది.

రాజుల లెక్క ఎలా తేలినా, సుమారు 29 మీటర్ల పొడవు, 13 మీటర్ల ఎత్తున బండపై చెక్కిన మహాశిల్పం ముందు నిలబడ్డాక అది గుర్తుండదు. రెండు బండల మధ్య ప్రకృతే పెట్టిన చీలికను శిల్పి గంగ చేశాడు. అందులో నాగులు చేతులు జోడించి పైకి ఎగబాకుతున్నారు. ఇరువైపులా దేవతలు, వేటగాళ్లు, జింకలు. ఏనుగుల కాళ్ల కింద నీడలో గున్నలు. ఒంటికాలిపై నిలిచిన తాపసి అర్జునుడా, భగీరథుడా అన్న వాదం తరతరాలుగా నడుస్తోంది. పాశుపతం కథా, గంగావతరణమూ రెండూ తెలిసిన జనం కోసం చెక్కిన శిల్పం రెంటినీ ఒకేసారి పలికిస్తే తప్పేమిటి? కింద ముంగాళ్లు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ ఎలుకలు ఉన్నాయి. అంత గంభీరమైన పనిలో ఆ దొంగ తపసికి చోటిచ్చిన శిల్పి మీద నాకు అపారమైన ప్రేమ.

ఊళ్లో పూర్తికాని పనులు చాలా ఉన్నాయి. వాటి దగ్గర తప్పక ఆగాలి. బండ మీద అడ్డంగా, నిలువుగా గాళ్లు తీసి, మధ్య మిగిలిన చదరాలను ఒక్కొక్కటిగా కొట్టి తీసేవారని అక్కడే అర్థమవుతుంది. రథాలను శిఖరం నుంచి కిందికి చెక్కుతూ వచ్చారు. అందుకే కొన్నిటికి పైభాగం నగలా ఉంటుంది, అడుగు ఇంకా బండే.

8వ శతాబ్దం ఆరంభంలో రాజసింహుడు పేర్చిన రాళ్లతో తీరాలయం కట్టించాడు. రెండు శివాలయాల నడుమ శయనించిన విష్ణువు మాత్రం ఆ నేల బండలోనే చెక్కిన మూర్తి. ఆ కాలపువాడే అయిన దండి ‘అవంతిసుందరి’లో ఒక ముచ్చట రాశాడు. మహామల్లపురంలో కడలి ఒడ్డున శయనించిన విష్ణువుకు చేయి విరిగితే, లలితాలయుడనే శిల్పి అతుకు కనబడకుండా బాగుచేశాడట. అది చూడటానికి దండి పనిగట్టుకుని వెళ్లాడు. చెక్కినవారి పేర్లు పోయిన చోట, విరిగినదాన్ని నిలబెట్టినవాడి పేరు మిగిలింది. ఆ గ్రంథాన్ని వెలికితీసి 1924లో అచ్చువేయించిన పండితుడు మన మానవల్లి రామకృష్ణకవి.

చోళుల శాసనాలు వచ్చాయి, తిరుమంగై ఆళ్వారు కడల్‌మల్లైగా పాడిన ఈ ఊరికి భక్తులు వస్తూనే ఉన్నారు. కానీ రేవు వెలిగిన కాలం పోయింది. 1788లో విలియం ఛేంబర్స్ తన వ్యాసంలో ఊరి పెద్దల మాట ఒకటి రాశాడు. సముద్రంలో మునిగిన గుళ్ల రాగి శిఖరాలు పొద్దుపొడుపు వేళ మెరిసేవట. ఏడు గోపురాల ఆ కథ ఐరోపా అంతా పాకింది. దానికి దక్కినంత గౌరవం ఒడ్డునే ఉన్న రాళ్లకు దక్కలేదని నా బాధ. 1803లో సర్వేయరు మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరి కావలి లక్ష్మయ్య అక్కడి గుళ్ల వర్ణనను తెలుగులో రాశాడు. 1869లో కార్ ఈ ఊరి గురించి వేసిన వ్యాసాల సంకలనంలో అది చేరింది.

1984లో యునెస్కో ఈ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తీరాలయాన్ని కాపాడటానికి సముద్రానికి రాళ్ల కట్ట, ఉప్పుగాలికి సరుగుడు తోపు అడ్డు నిలిచాయి. రాతిలో ఇంకిన ఉప్పును తీయడానికి పురావస్తు శాఖ తడిపిన కాగితపు గుజ్జును పట్టులా వేస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీకి ముందు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వరుసగా రాళ్లు కనిపించాయని చూసినవారు చెప్పారు. ఆ అలల తాకిడికి ఇసుక కొట్టుకుపోయి చెక్కిన బండలు కొన్ని బయటపడ్డాయి. ఉత్తరాన సాళువన్‌కుప్పంలో తేలిన శాసనాల ఆధారంగా 2005లో తవ్వితే సుబ్రహ్మణ్యుడి గుడి దొరికింది. రాతి కట్టడం కింద ఇటుక గుడి ఉంది. అది పల్లవుల కంటే పాతదని తవ్వినవారి అభిప్రాయం.

చెన్నై నుంచి రోడ్డు మీద వెళ్లేవారికి సాళువన్‌కుప్పం ముందే వస్తుంది. అక్కడ ఆగి, వ్యాళ ముఖాలు చుట్టూ పేర్చిన పులిగుహ కూడా చూసి, ఆ తర్వాత మహాబలిపురం చేరండి. మధ్యాహ్నపు ఎండలో కంటే సూర్యకాంతి ఏటవాలుగా పడే ఉదయమే చెక్కడాల లోతు తెలుస్తుంది. లక్ష్మయ్య రాసిన వర్ణనను నేటి తెలుగు పాఠకుడికి అందేలా, పటాలతో, చవక ధరకు అచ్చువేయాలి. తెలుగునాటి నుంచి బస్సుల్లో వచ్చే బడిపిల్లల చేతికి ఆ పుస్తకమే ఇవ్వాలి.