ముగ్గురు అమృతాలు, ఒక్క అంజి

మూడో బెల్లు మోగింది. విజయవాడ గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయం హాలు. 1974 ప్రాంతం, వేసవి రాత్రి. మీరు వెనకనుంచి రెండో వరసలో కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతున్నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. లైట్లు ఆరాయి, తెర లేస్తోంది. వేదిక అంచున పైనుంచి మైకులు వేలాడుతున్నాయి. నటుడు వాటికి కాస్త దూరం జరిగాడా, మాట మీదాకా రాదు. వెనకవాళ్లు ఊరుకోరు. "వినపడట్లా!" అని అక్కణ్ణుంచే అరుస్తారు.

ఒకడు ఓ మాట అన్నాడు. హాలంతా గొల్లుమంది. రెండోవాడు జవాబు చెప్పాలి, చెప్పడం లేదు. మీ నవ్వు కోసం ఆగాడు. అలాగని ఊరికే నిలబడలేదు. కండువా సర్దుకుంటున్నాడు, అవతలివాడి మొహంలోకి నమ్మలేనట్టు చూస్తున్నాడు. నవ్వు సగానికి దిగగానే మాట అందుకున్నాడు. ముందే అనేస్తే అది నవ్వులో కొట్టుకుపోయేది, ఇంకాస్త ఆగితే సీను చల్లారేది. నాటకం నటుడికి నేర్పే విద్యల్లో ఇంతకు మించింది లేదని నా నమ్మకం.

ఆ ఊళ్లోనే 1956లో పుట్టారు గుండు హనుమంతరావు. పద్దెనిమిదేళ్లకే ముఖానికి రంగు వేసుకున్నారు. తొలి వేషం రావణబ్రహ్మ! తర్వాత లోకమంతా అమాయకుడిగా ఎరిగిన ముఖానికి అంత గంభీరమైన ఆరంభం. 1987లో దర్శకుడు జంధ్యాల 'అహ నా పెళ్ళంట'తో ఆయన్ని సినిమాల్లోకి తెచ్చారు. జంధ్యాలా నాటకాలు రాస్తూ అటు వెళ్లినవారే. ఆ పైన వందల సినిమాలు, ఎక్కువగా చిన్న వేషాలు. వాటి జాబితా ఇక్కడ వద్దు. ఆయన్ని చూడాలంటే మీ ఇంటి ముందుగదికి రండి.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. జెమినీ టీవీలో 'అమృతం' సీరియల్ టైటిల్ పాట మొదలైంది. అన్నం కంచం చేత్తో పట్టుకునే నాన్న వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సిరివెన్నెల రాసిన ఆ పాట పలకరించేది ఎవరిని? కథానాయకుడు అమృతాన్ని కాదు, అతని స్నేహితుడు ఆంజనేయుల్ని. ఇదిగో వచ్చాడు ఆ ఆంజనేయులు, మన అంజి, హనుమంతరావే. పక్కనే అమృతం కొత్త పథకమేదో చెబుతున్నాడు. వాళ్ల హోటల్ అమృత విలాస్‌కి ఏదో ముప్పు రాబోతోందని మీకు తెలుసు, అంజికీ తెలుసు. చూడండి, అతను ఏమీ అనడం లేదు, వింటున్నాడు. కళ్లు కొంచెం పెద్దవయ్యాయి, మెడ కాస్త ముందుకొచ్చింది. ఆ తర్వాత గానీ నోరు విప్పలేదు. మీరప్పటికే నవ్వేశారు.

ఇప్పుడు అదే సీను తీసిన చోటికి వెళ్లి నిలబడండి. లైట్ల వేడి. కెమెరా నడుస్తుంటే ఎవరూ నవ్వకూడదు. ముందు హాలు లేదు, వెనక వరస లేదు. మరి ఎక్కడ ఆగాలో ఆయనకి చెప్పేదెవరు? ఆనాటి ప్రేక్షకులు ఆయన చెవుల్లోనే ఉన్నారు. నేను మాత్రం దీన్ని అలాగే అర్థం చేసుకుంటాను.

గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ సీరియల్ 2001 నుంచి 2007 దాకా నడిచింది. 313 భాగాలు. ఈలోగా అమృతం మారాడు: శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముగ్గురూ మంచి నటులే, ముగ్గురి తీరూ వేరు. కథానాయకుడి ముఖం రెండుసార్లు మారితే ఏ సీరియలైనా తడబడాలి. ఇది తడబడలేదు. అందుకు రాత బలం ఒక కారణం, అప్పాజీ, సర్వం లాంటి పాత్రలు ఒక కారణం. కానీ కొత్తవాణ్ణి మనం ఒప్పుకున్నది, అంజి అతన్ని పాత స్నేహితుణ్ణి చూసినట్టే విసుగ్గా, ప్రేమగా చూడటం వల్ల. పక్కవాడి మాటకి బరువిచ్చే నటుడి పేరు రెండో వరసలో వేస్తారు. ఆ లెక్క నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

2018 ఫిబ్రవరి 19న హనుమంతరావు హైదరాబాద్‌లో కన్నుమూశారు. అరవై ఒక్కేళ్లు. రెండేళ్లకి ఆ సీరియల్‌కి కొనసాగింపుగా 'అమృతం ద్వితీయం' మొదలైనప్పుడు హర్షవర్ధన్ పక్కన అంజిగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. నాటకాల్లో పండిన మనిషి, లోటు చేయలేదు. అయినా ముగ్గురు అమృతాల్ని ఇట్టే ఇంట్లోకి రానిచ్చిన మనకి, రెండో అంజి అలవాటు కావడానికి చాలా ఆదివారాలు కావాలి.